అమ్మ కుండీలు, మద్రాసు నీళ్ళు

చెన్నైలో మేడ మీద మొక్కలు పెంచేవారిని ఎవరిని కదిపినా, మట్టి గురించో ఎరువు గురించో కాక ముందు నీళ్ళ గురించే చెబుతారు. సముద్రం ఒడ్డున ఉన్న ఊరు కావడం వల్ల చాలాచోట్ల భూమిలోని నీరు ఉప్పు. ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. సంవత్సరం మొత్తం మీద పడే వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే కురిసి, ఆ తరువాత నెలల తరబడి చుక్క రాలదు. మా అమ్మ ఎనభైల మొదటి నుంచి ఈ ఊళ్ళో కుండీల్లో మొక్కలు పెంచుతోంది. ఆ మొక్కల గురించి నాకు తెలిసినదంతా ఒకచోట రాసిపెట్టాలని కూర్చుంటే, ఏ కాలంలో మా ఇంటికి ఏ నీళ్ళు వచ్చాయో, ఆ నీళ్ళతో అమ్మ ఏ మొక్కను బతికించుకుందో, ఆ వరుసలోనే అన్నీ గుర్తుకు వస్తున్నాయి.

మాది నెల్లూరు జిల్లాలో రాపూరు వైపు పల్లెటూరు. అమ్మ పెరిగిన ఇంట్లో పెరడంతా పాదులేనట, వాటి నడుమ గిలకబావి. చేద వేసి తోడుకోవడమే గాని నీళ్ళను లెక్కపెట్టి వాడుకోవడం ఆమెకు తెలియదు. నాన్నగారికి మద్రాసులో ఒక ప్రైవేటు కంపెనీలో లెక్కలు చూసే ఉద్యోగం రావడంతో పడమటి మాంబళంలో ఒక పాత మేడ ఇంటి పైవాటాలో అద్దెకు దిగాము. వాకిలీ పెరడూ మొత్తం గచ్చు చేసి ఉండటం వల్ల, ఆ ఇంట్లో మొక్క నాటడానికి అడుగు నేల లేదు. పైన డాబా మాత్రం విశాలంగా ఉండేది.

అది ఈ ఊరి పేరుతోనే పిలిచే పాత పద్ధతిలో వేసిన కప్పు. టేకు దూలాల మీద సన్నని ఇటుకలను అంచు మీద నిలబెట్టి ఏటవాలుగా పేర్చి, పైన సున్నంలో ఇటుకముక్కలు కలిపి పోసి గట్టిగా దిమ్మిస చేసి, ఆపైన పలకలు పరుస్తారు. ఇంజనీర్లు ఇప్పటికీ దానిని మద్రాసు టెర్రస్ అంటారు. అటువంటి కప్పు మీద ఒకేచోట తడి నిలిస్తే కింద దూలం చెమ్మగిల్లి పాడవుతుంది కాబట్టి, కింది వాటాలో ఉండే ఇంటివాళ్ళు కుండీలు పెట్టడానికి మొదట ఒప్పుకోలేదు. ఏ కుండీనీ డాబా నడిమిన పెట్టనని, బరువంతా గోడల మీద పడేలా పిట్టగోడ వారనే ఉంచుతానని, ప్రతి కుండీ కిందా ఇటుకలు పెట్టి నీరు నిలవకుండా చూసుకుంటానని అమ్మ ఇంటావిడకు మాట ఇచ్చి ఒప్పించుకుంది. తడిసిన మట్టి ఎంత బరువుంటుందో ఎత్తి చూసినవారికే తెలుస్తుంది కనుక ఆ షరతులు న్యాయమైనవేనని నేను ఇప్పుడు అనుకుంటాను. పైగా అవి మొక్కలకూ మేలు చేశాయి. కుండీ ఇటుకల మీద ఎత్తుగా ఉంటే అడుగు రంధ్రం మూసుకుపోదు, కింద గాలి ఆడుతుంది, వేళ్ళు కప్పులోకి దిగవు, తేళ్ళూ జెర్రులూ చేరవు. తరువాతి కాలంలో కాంక్రీటు శ్లాబు మీద పెట్టుకున్న కుండీలకు కూడా అమ్మ ఇటుకలు మానలేదు.

కుండీలు కొనడమన్నది ఆ రోజుల్లో మా ఇంట్లో అరుదు. పిడి విరిగిన బకెట్లు, పగులు పట్టిన ప్లాస్టిక్ బిందెలు, బీట వారిన ఊరగాయ జాడీ, ఇల్లు కడుతున్నచోట పారేసిన రంగు డబ్బాలు, అన్నీ వరుసగా మేడ ఎక్కేవి. సంక్రాంతికి ముందు పొంగల్ కుండలు అమ్మే బళ్ళ మీద మట్టి కుండీలు కూడా ఉండేవి. పండుగ వెళ్ళిన మర్నాడు ధర తగ్గుతుందని అప్పటిదాకా ఆగి అమ్మ ఒకటో రెండో తెచ్చేది. ఊరగాయ జాడీలో వాము ఆకు వేసింది. పింగాణి గోడల గుండా నీరు ఆవిరి కాదు కాబట్టి ఎక్కువ నీళ్ళు అడగని మొక్కే అందులో ఉండాలని ఆమె లెక్క. దగ్గు వస్తే ఆ ఆకు రసం, వాన పడిన సాయంత్రం ఆ ఆకుతో బజ్జీలు.

గోంగూర డబ్బా గురించి కాస్త వివరంగా చెప్పాలి. కిరాణా కొట్టులో ఖాళీ అయిన పదిహేను కిలోల నూనె డబ్బాను తెచ్చి, పక్కకు పడుకోబెట్టి, పైకి వచ్చిన రేకును రేకుపని చేసే అతని చేత కోయించి, అంచులు చేతికి కోసుకోకుండా లోపలికి మడిపించేది. అప్పుడది జానెడు లోతున్న వెడల్పాటి మడి అవుతుంది. అడుగున మేకుతో రంధ్రాలు కొట్టి, ఒక్కొక్క రంధ్రం మీదా పగిలిన కుండ పెంకును బోర్లించి, ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పేడ ఎరువు కలిపి నింపేది. పక్క వీధిలో ఆవులను కట్టుకుని పాలు పోసే కుటుంబం ఉండేది. పచ్చి పేడ వేడికి వేళ్ళు మాడిపోతాయని, అక్కడి నుంచి తెచ్చిన పేడను నెలల తరబడి మూలన మూత వేసి మాగనిచ్చేది. ఇక విత్తనాలు నెల్లూరు నుంచే రావాలి. సెలవులకు ఎవరు వస్తున్నా ముందే ఉత్తరం రాసేది, "మిఠాయిలు తేబాకండి, గోంగూర గింజలు తెండి" అని. చల్లిన నాలుగైదు రోజులకే మొలిచి, జానెడు పెరగగానే మొదలు వదిలి పైపైన కోస్తే మళ్ళీ పక్కల నుంచి చిగిర్చేది. మద్రాసు అంగళ్ళలో గోంగూర దొరకక కాదు. తన చేత్తో కోసిన ఆకు అప్పటికప్పుడు వేయించి రోట్లో నూరితే వచ్చే పులుపు కోసం ఆ ఏర్పాటంతా. ఆ రేకు డబ్బా రెండు మూడు ఏళ్ళకు తుప్పు పట్టి అడుగు ఊడిపోయేది, ఇంకొకటి వచ్చేది.

కొని తెచ్చిన మొక్కలు ఏవైనా ఉన్నాయంటే అవి నాన్నగారి వంతు. కెథడ్రల్ రోడ్డులో అగ్రి హార్టికల్చరల్ సొసైటీ తోట ఉండేది. 1835లో ఏర్పడిన సంస్థ అది. ఆదివారం పూట బస్సెక్కి మమ్మల్ని అక్కడికి తీసుకువెళ్ళేవారు. గుండుమల్లె అంటు ఒకటి, ముద్దమందారం ఒకటి అక్కడి నుంచి వచ్చినవే. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆ మొక్కకు చోటు కోసం నాన్నగారు నిలబడే ప్రయాణం చేసేవారు.

ఆ ఇంటికి నీళ్ళు రెండు విధాలుగా వచ్చేవి. తెల్లవారుజామున వాకిట్లోని చేతిపంపు కొడితే వచ్చే మెట్రో నీళ్ళు, అంటే నగర నీటి బోర్డు ఇచ్చేవి, తాగడానికీ వంటకూ. బావి నీళ్ళు గిన్నెలకూ బట్టలకూ స్నానాలకూ. పంపు నీళ్ళు రెండు వాటాలవారూ పంచుకోవలసినవి కావడంతో వాటిలో చెంబెడు కూడా నేరుగా మొక్కలకు పోయడానికి వీల్లేదు. బావిలో కావలసినన్ని ఉన్నా అవి ఉప్పుగా ఉండేవి, ఆ ఉప్పు కాలాన్ని బట్టి మారేది. ఎంత ఉందో చూసుకోవడానికి అమ్మ శుభ్రంగా తుడిచిన స్టీలు పళ్ళెం మీద ఒక్క చుక్క వేసి ఎండలో పెట్టేది. చుక్క ఆరిన చోట ఏమీ మిగలకపోతే ఆ నీళ్ళు తులసికీ కరివేపాకుకూ. పలుచని మచ్చ కనిపిస్తే మందారానికీ బచ్చలికీ. తెల్లని వలయం కట్టి, గోటితో గీకినప్పుడు పొడి రాలితే అవి కాగితపు పూల మొక్కకూ బిళ్ళగన్నేరుకూ గంగవాయల కూరకూ మాత్రమే. ఈ చివరి మూడూ ఉప్పును ఓర్చుకోగలవని ఆమెకు ఏ పుస్తకమూ చెప్పలేదు, చూసి తెలుసుకుంది.

ఉప్పు నీరు మొక్కను ఒక్క రోజులో చంపదు. మట్టి కుండీ గోడల గుండా నీరు మెల్లగా ఆవిరైపోతుంది, అందులోని ఉప్పు మాత్రం అక్కడే ఉండిపోతుంది. కొన్ని వారాలకు కుండీ వెలుపల తెల్లటి పొర పేరుకుంటుంది, మట్టి పైన కూడా అదే పొర. ఆ తరువాత ఆకు అంచులు గోధుమ రంగుకు తిరిగి, కొన నుంచి లోపలికి ఎండుతూ వస్తాయి. నీరు చాలక ఎండుతోందనుకుని అవే నీళ్ళు ఇంకా పోస్తే ముప్పు పెరుగుతుంది. అమ్మ కొబ్బరి పీచుతో కుండీల పొర గీకి, పైమట్టి బొటనవేలు మందాన తీసేసి కొత్త మట్టి వేసేది. మిగిలినది వాన వచ్చి కడగవలసిందే.

అందుకనే వంటింటి నీళ్ళకు మా ఇంట్లో అంత విలువ. బియ్యం కడిగిన నీళ్ళు, పప్పు కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు ఒక్కొక్కటీ తూము దాకా పోకముందే పట్టుకోవడానికి గట్టు మీద ఒక వెడల్పాటి బేసిన్ ఎప్పుడూ ఉండేది. మేమెవరమైనా పరాకుగా బేసిన్ ఎత్తితే వంటింట్లో ఏ మూల ఉన్నా అమ్మ గొంతు వినిపించేది, "పారబొయ్యబాక" అని. అవి మంచినీళ్ళే, పైగా బియ్యపు పిండి కలిసినవి. ఉప్పు తగిలిన నీటిని, సబ్బు తగిలిన నీటిని వాటిలో కలపనిచ్చేది కాదు. రాత్రి దాకా నిలవుంచితే పులిసి వాసన వస్తుందని పగలు మూడు నాలుగు సార్లు మేడ ఎక్కి దిగేది. కాఫీ ఫిల్టరులో మిగిలిన పిప్పిని నీడన ఆరబెట్టి కొద్దికొద్దిగా మట్టిలో కలిపేది. పోసే ముందు ప్రతి కుండీలోనూ చూపుడు వేలు రెండు కణుపుల లోతు దించి చూసేది. వేలికి తడి మట్టి అంటుకుంటే ఆ కుండీ దాటి పక్కదానికి వెళ్ళేది. చెంబు మూతిని మొక్క మొదలుకు ఆనించి, ఆకు తడవకుండా, మట్టి కొట్టుకుపోకుండా పోయడం నాకు చేతికి అలవాటు కావడానికి చాలా కాలం పట్టింది.

కరివేపాకు చెట్టు సిమెంటు తొట్టిలో ఉండేది, దాని మీద నాకు ప్రత్యేకమైన మమకారం. ఏటా వానలు వెలిసే రోజుల్లో లేత చిగుళ్ళ మీద నలుపూ తెలుపూ కలిసిన చిన్న పురుగులు కనిపించేవి. పిట్ట రెట్ట పడిందేమోనని చూపు దాటిపోయేలా ఉండేది వాటి రూపం. కుబుసం విడిచాక అవే పురుగులు ఆకుపచ్చగా, నున్నగా, చిటికెనవేలంత లావుగా తయారయ్యేవి. పుల్లతో తాకితే తల వెనుక నుంచి రెండు పాయల నారింజ రంగు కొమ్ము బయటికి పొడుచుకువచ్చి ఘాటైన వాసన కొట్టేది. మళ్ళీ చూస్తుండగానే లోపలికి ముడుచుకునేది. నిమ్మజాతి చెట్ల మీద గుడ్లు పెట్టే సీతాకోకచిలుకల పిల్లలవి; కరివేపాకు కూడా ఆ కుటుంబానికి చెందినదే. కింది వాటా మామి, అంటే మా ఇంటావిడ, మందు కొట్టమని సలహా ఇచ్చింది. అమ్మ ఒప్పుకోక, కుండీలో ఏళ్ళ తరబడి కాయ కాయకుండా ఉన్న నిమ్మ మొక్క మీదికి ఒక్కొక్క పురుగునూ ఆకుతో సహా మార్చేది. ఆ నిమ్మ మొక్కకు మా ఇంట్లో అదే పని. పిండినల్లి, పేనుబంక వచ్చినప్పుడు మాత్రం ఆమె దయ చూపేది కాదు. వేపనూనెలో కొంచెం సబ్బు నీళ్ళు కలిపి ఆకు అడుగున గుడ్డతో తుడిచేది.

కనకాంబరం కథ వేరు. మా డాబా మీద ఉన్నది గింజ కట్టే నాటు రకం. ఢిల్లీ కనకాంబరమని అమ్మే ముదురు రంగు రకానికి గింజ కట్టదు, కొమ్మలు తుంచి నాటుకోవాలి. నాటు కనకాంబరపు వెన్ను ఎండిపోయాక అందులోని కాయల మీద నీళ్ళు పడితే చిట్లి గింజలు దూరంగా ఎగిరిపోతాయి. సాయంత్రం అమ్మ నీళ్ళు పోస్తున్నప్పుడు తడి తగిలిన వెన్నుల నుంచి టప్ టప్ మని శబ్దాలు వస్తుంటే మేము పిల్లలం వంగి వినేవాళ్ళం. ఆ గింజలు పక్క కుండీల్లో పడి, తులసి మొదట్లోనూ గోంగూర డబ్బాలోనూ కనకాంబరాలు మొలిచేవి. అమ్మ వాటిని పెళ్ళగించి పెరుగు కప్పుల్లో నాటి వీధిలో అడిగినవారికీ అడగనివారికీ ఇచ్చేది.

మల్లెకు మార్గశిరం దాటాక ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి, కొన్నాళ్ళు నీళ్ళు తగ్గించేది. మళ్ళీ ఎరువు వేసి నీళ్ళు పట్టాక కొత్త చిగుళ్ళతో పాటే మొగ్గలు వేసి, ఉగాది నుంచి ఎండలు ముదిరేదాకా పూసేది. మొగ్గ తెల్లబడి విచ్చుకోకముందే సాయంత్రం కోయాలి. మల్లె మొగ్గల మధ్య కనకాంబరాలు, ఒక రెమ్మ మరువం వేసి అరటినారతో కట్టిన కదంబం మామికి సగం, మాకు సగం. ఇంటివాళ్ళు డాబా మీద తడి గురించి అడగడం ఆ తరువాత మానేశారు.

మద్రాసు పేరు చెన్నైగా మారిన 1996లోనే ఈ ఊరికి కృష్ణ నీళ్ళు వచ్చాయి. తెలుగు గంగ ఒప్పందం 1976 నాటిది. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా ఐదు టీఎంసీల (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) నీటిని మద్రాసు కోసం వదులుకోవడానికి ఒప్పుకున్నాయి. శ్రీశైలం దగ్గర బయలుదేరిన నీరు సోమశిల, కండలేరు జలాశయాలు దాటి, కాలువ వెంబడి వచ్చి, ఈ ఊరికి నీళ్ళిచ్చే పూండి జలాశయంలో కలుస్తుంది. పత్రికలో ఆ వార్త చదివి వినిపించినప్పుడు అమ్మ ముఖంలో కనిపించిన సంతోషం నాకు బాగా గుర్తు. కండలేరు ఆమె పుట్టింటి వైపుది. జలాశయం కట్టేటప్పుడు చుట్టాల పొలాల మాటలు, నష్టపరిహారాల మాటలు మా ఇంట్లో ఎన్నోసార్లు విన్నాము. పంపులో వచ్చే నీళ్ళలో ఏ జలాశయం నీరు ఎంతో ఎవరూ విడదీసి చెప్పలేరు. అయినా ఆ వారమంతా బియ్యం కడిగిన నీళ్ళు గోంగూర డబ్బాకే పోసింది. ఆ ఊరి గింజకు ఆ ఊరి నీళ్ళు అందుతున్నాయని ఆమె నమ్మకం. ఆ నమ్మకాన్ని నేను కూడా పంచుకున్నాను. మొదట్లో ఆ నీళ్ళు దారిలోనే ఇంకిపోయి అరకొరగా వచ్చేవి. సత్యసాయి ట్రస్టు కాలువను బాగు చేయించిన తరువాత మెరుగుపడ్డాయి.

2003 వేసవి తలచుకుంటే ఇప్పటికీ భయం వేస్తుంది. జలాశయాలు అడుగంటాయి. ఆ ఏడాది మే 31న ఊళ్ళోని నుంగంబాక్కం వాతావరణ కేంద్రంలో 45 డిగ్రీల ఎండ నమోదైంది. పంపు ఎండిపోయింది, వీధి మొగలో పెట్టిన నల్లటి సింటెక్స్ తొట్టిలోకి లారీ వచ్చి నీళ్ళు నింపితే, వరుసలో పెట్టిన రంగురంగుల బిందెలతో ఆడవాళ్ళు పరుగులు తీసేవారు. బావిలో మిగిలిన కాసిన్ని నీళ్ళు చుక్క వేసి చూడనక్కరలేనంత ఉప్పు. అప్పుడు అమ్మ చేసిన పని నేను మరిచిపోలేను. డాబా అంతా ఒకసారి తిరిగి, ఏవి ఉండాలో ఏవి పోవాలో తేల్చుకుంది. గోంగూర, బచ్చలి మళ్ళీ గింజ వేస్తే మొలిచేవి కాబట్టి వాటిని వదిలేసింది. మందారం కొమ్మలు తుంచి నీళ్ళ సమస్య అంతగా లేని చుట్టాల ఇంటికి పంపింది. తులసి, కరివేపాకు, మల్లె, కనకాంబరం మాత్రం ఉంచుకుంది. వాటిని తూర్పు గోడ వారకు దగ్గరగా చేర్చి, పడమటి ఎండ తగలకుండా బట్టలు ఆరేసే తీగ మీద పాత నేత చీర పరదాగా కట్టింది. మట్టి మీద కొబ్బరి పీచు మందంగా పరిచింది. కరివేపాకు తొట్టిలో చెట్టు మొదలుకు పక్కగా చిన్న మట్టి ముంతను మూతి దాకా పాతిపెట్టి, అందులో రాత్రి పూట చెంబెడు నీళ్ళు పోసి మూకుడు మూసేది. ముంత గోడ గుండా చెమ్మ మెల్లగా వేళ్ళకు చేరేది. పైన పోస్తే ఆవిరైపోయే నీరు అలా రెండు రోజులు వచ్చేది. సబ్బు లేకుండా ముఖం కడుక్కున్న నీళ్ళు కూడా పట్టి ఉంచమని చెప్పింది. గిన్నెలు కడిగిన నీళ్ళు పారే తూము దగ్గర ఇంటివాళ్ళు మెట్టతామర నాటుకున్నారు. ఆ రోజుల్లో వాడిన నీటిని వడగట్టి భూమిలోకి పంపడానికి చాలా ఇళ్ళలో ఆ మొక్కనే వేశారు. మల్లె ఆ ఏడు పూయలేదు, చావనూ లేదు.

ఆ ఏడాదే ఇళ్ళన్నిటికీ వాన నీటి సేకరణ తప్పనిసరి అని ప్రభుత్వం చట్టం చేసింది. మా ఇంటివాళ్ళు కూడా డాబా తూముల నుంచి గొట్టాలు దింపి బావిలోకి మళ్ళించారు. రెండు వర్షాకాలాలు గడిచాక ఆ బావి నీటి చుక్క పళ్ళెం మీద పలుచని మచ్చకు దిగింది. ప్రభుత్వాలు చేసిన పనుల్లో మా కంటికి అంత స్పష్టంగా ఫలితం కనిపించినది మరొకటి లేదు. 2004లో దక్షిణాన కడలూరు జిల్లాలోని వీరాణం చెరువు నుంచి కూడా చెన్నైకి నీళ్ళు వచ్చాయి.

తరువాత వేళచ్చేరిలో అపార్టుమెంటుకు మారాము. మట్టి మోయలేక డబ్బాలన్నీ అక్కడే పంచిపెట్టి, కరివేపాకు వేరు నుంచి వచ్చిన పిలక ఒకటి, మల్లె అంటు, తులసి, కనకాంబరం గింజలు, ఆ పాత జాడీ మాత్రం తెచ్చుకుంది అమ్మ. కొత్తచోట మట్టి బదులు కొబ్బరి పొట్టు ఎక్కువగా కలుపుతోంది; తేలికగా ఉంటుంది, తడి నిలుపుకుంటుంది. ఎండకు వేడెక్కే నల్లటి ప్లాస్టిక్ సంచుల మీద మాత్రం ఆమెకు నమ్మకం కుదరలేదు.

2015 డిసెంబరు మొదట్లో వరద వచ్చినప్పుడు మా వీధిలో కింది అంతస్తులు మునిగాయి. కరెంటు లేదు, అంగళ్ళు లేవు. వాన కాస్త తెరిపి ఇచ్చినప్పుడల్లా అమ్మ మేడ ఎక్కి, అడుగు రంధ్రం మూసుకుపోయిన కుండీలను వెతికి ఒక పక్కకు వంచి నీరు ఓడ్చేది. వేళ్ళు మునిగి ఉంటే కుళ్ళిపోతాయి. ఆ రోజుల్లో డాబా మీది బచ్చలి, గంగవాయల కూర, కరివేపాకు అన్ని వాటాల వంటిళ్ళకూ వెళ్ళాయి. అంత వానకు కుండీల్లో ఏళ్ళుగా పేరుకున్న ఉప్పంతా కొట్టుకుపోయిందని తరువాత సంవత్సరం మొక్కలను చూసి తెలిసింది. 2016 డిసెంబరు 12న వర్దా తుపాను గాలికి కరివేపాకు చెట్టు నడుముకు విరిగిపోయింది. విరిగినచోట నున్నగా కోసి పసుపు పూసి వదిలేసింది అమ్మ. చెట్టు మొదట్లోంచి మూడు పిలకలు లేచాయి.

2019లో జలాశయాలు మళ్ళీ ఎండిపోయి, జోలార్‌పేట నుంచి రైలులో నీళ్ళు తెచ్చినప్పుడు అమ్మ పెద్దగా కంగారు పడలేదు. పాత నేత చీర, కొబ్బరి పీచు, పాతిపెట్టిన ముంత అప్పటికి మా ఇంటి అలవాట్లు. కొత్తగా కలిసినది ఏసీ యంత్రం నుంచి కారే నీరు. నీళ్ళు శుద్ధి చేసే యంత్రం వదిలే నీటిని కూడా మొక్కలకు పోయవచ్చని అపార్టుమెంటులో ఎవరో చెబితే, అమ్మ రెండింటినీ పళ్ళెం మీద చుక్క వేసి చూసింది. శుద్ధి యంత్రం వదిలినది తెల్లని వలయం కట్టింది, అది నేల తుడవడానికి పోయింది. ఏసీ నీటి చుక్క ఆరినచోట ఏమీ మిగల్లేదు. గాలిలోని తేమ చల్లబడి నీరు కావడమే కాబట్టి అందులో ఉప్పుకు చోటు లేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఏసీ గొట్టం కింద బకెట్టు ఉంటోంది, పక్క వాటాలవారి గొట్టాల కింద కూడా అమ్మ పెట్టించిన బకెట్లే ఉన్నాయి.

అమ్మ ఇప్పుడు మేడ ఎక్కలేకపోతోంది. వరండాలో కుర్చీ వేసుకుని, నేను కిందికి తెచ్చిన కుండీల్లో వేలు దించి చూసి ఏ మొక్కకు ఎన్ని నీళ్ళో చెబుతుంది. ఈ ఆడి నెలలో (తమిళుల ఆషాఢం) నెల్లూరు నుంచి మా పిన్ని కూతురు తెచ్చిన గోంగూర గింజలను రెండు డబ్బాల్లో చల్లించింది. ఒకదానికి ఏసీ నీళ్ళు, ఒకదానికి బియ్యం కడిగిన నీళ్ళు. అచ్చమైన వాననీటి వంటి నీటిలో బలం ఉండదని నా వాదన, ఎరువు మట్టిలో ఉండగా నీళ్ళలో బలం దేనికని ఆమె వాదన. రెండూ మొలిచాయి, ప్రస్తుతానికి ఏసీ నీళ్ళ డబ్బాలో ఆకు కొంచెం వెడల్పుగా ఉంది.